ఆడపడుచు పలక

మొదటి రోజు

రాయి, సన్యాసమ్మా. చెప్పింది చెప్పినట్టు రాయి. ముసిల్దానికి అక్షరం ముక్క రాదు కదా అని మధ్యలో నీ మాటలు కలిపావంటే, విరిగినవి నా కుడిచేతి వేళ్ళే. ఎడమచెయ్యి ఇంకా బాగానే లేస్తుంది.

నా పేరు తవిటమ్మ. ఎనభై దగ్గర పడ్డాయి. ఈ గుట్ట కడుపులో అరవై ఏళ్ళుగా ఇనుము గీకుతున్నాను. తలుపూ దాని చట్రమూ ఒకదాని మీద ఒకటి వెంట్రుక దూరనంత చదునుగా కూర్చోవాలంటే చేత్తో గీకాల్సిందే. పూర్వం రెంటికీ మధ్య రబ్బరు పెట్టేవారట. బయటి బూజు రబ్బరుని తినేసింది. ప్లాస్టిక్కుని తినేసింది. కరెంటు తీగల మీది తొడుగులు తినేసింది. ఆ తర్వాత మనుషుల ఊపిరితిత్తుల రుచి మరిగింది. అప్పట్నుంచీ మాకు ఇనుము మీద ఇనుమే దిక్కు.

కాపలా గవరయ్యని నేను చంపాను. అది ముందే రాసెయ్, పెద్దలు వెతుక్కోనక్కర్లేదు. గుట్టకి రెండు చేతులు లేకుండా చేసినవాళ్ళు రెండు చేతులు తయారుచేసి ఇవ్వాలని చట్టం. చచ్చినవాడి ఇంటి మనిషికి నా పని నేర్పాలి. పని వచ్చిందని ఆ మనిషి చెప్పిన రోజున నన్ను తలుపు బయటికి తోస్తారు. ఏ రోజు ఏం నేర్పానో రాయించాలి, అందులోనే నా వాదన కూడా చెప్పుకోవచ్చన్నారు. నా ప్రాణం గురించి నేనేమీ అడగను. నేను గోరీ తవ్వి తెచ్చిన ఇనుప పలకని పగలగొట్టొద్దు, అంతే. తీర్పు దాకా దాన్ని ఉంచుతామన్నారు. ఇంకో నెలలో గాలి తిరుగుతుంది. ఆ పలక లేకపోతే పడమటి తలుపు మళ్ళీ లోపలికి బూజుని రానిస్తుంది.

నేర్చుకోవడానికి వచ్చింది గవరయ్య పెళ్ళాం అసిరమ్మ. ముప్పై ఏళ్ళుంటాయేమో. గదిలోకి వస్తూనే నా చెంప పగలగొట్టింది.

"కూర్చో," అన్నాను.

"నువ్వేటి నాకు చెప్పేది కూకోమని?"

"గీకుడు నిలబడి చేసే పనే. కొట్టి అలిసిపోయావు కదా అని కూర్చోమన్నాను."

మళ్ళీ కొట్టింది. ఈ రోజు పాఠం అంతే.

మూడో రోజు

గీకుడు ఉలి మూరెడు పొడవుంటుంది. కొస బల్లపరుపు, వెనక చెక్క బిళ్ళ. బిళ్ళని తుంటికి ఆనించి, రెండు చేతులూ ఉలి మీద వేసి నొక్కి, నడుముతో తొయ్యాలి. చేతులతో తోసేవాళ్ళకి వారం తిరక్కుండా భుజాలు పోతాయి.

నీలిమందు నూనెలో కలిపి ఒక పలకకి పల్చగా రాస్తాం. దాని మీద రెండో పలకని బోర్లించి కాస్త జరుపుతాం. ఎత్తి చూస్తే ఎత్తుగా ఉన్నచోట నీలం అంటుతుంది. ఆ నీలం చుక్కల్నే గీకాలి. తుడిచి మళ్ళీ బోర్లించాలి, మళ్ళీ గీకాలి. మొదట పలక మొత్తానికి మూడో నాలుగో చుక్కలు పడతాయి. చివరికి అంగుళంలో ఇరవై పడితే అది పలక.

"అంతేనా? దీనికా అరవై ఏళ్ళు?" అంది అసిరమ్మ.

"గీకి చూడు."

నేను గోరీలోంచి తెచ్చిన పలకే దాని ముందు పెట్టాను. పీటంత ఉంటుంది, పైనంతా తుప్పు. ఒక్క తోపుకి ఉలి మూల దిగబడి గుంట పడింది.

"పొలం దున్నుతున్నావేటే?" అని మణికట్టు మీద కర్రతో వేశాను.

అది చటుక్కున తిరిగి ఉలి నా గొంతుకి ఆనించింది. "ఆయన తొడలో దిగింది ఇదే కదూ?"

"కాదు. అది పెద్దల దగ్గరుంది. ఇది దానికంటే పదును. నిన్నే నూరించాను."

ఉలి కొస చర్మం మీద ఆగింది. సన్నగా రక్తం కారి రవికలోకి దిగింది. నువ్వు కలం పారేసి అరిచావు, సన్యాసమ్మా. ఇంకోసారి అలా చెయ్యకు. అరవడానికి ఈ గుట్టలో చాలామంది ఉన్నారు, రాసేదానివి నువ్వొక్కదానివే.

అసిరమ్మ ఉలి దించింది. సాయంత్రం దాకా ఆ గుంట చుట్టూనే గీకింది. చేతులతోనే తోసింది, చెప్పినా వినలేదు.

ఆరో రోజు

ఈ రోజు నా వాదన చెబుతాను. అసిరమ్మ గీకుతూ వింటోంది, విననీ.

ఈ గదిలో ఒకప్పుడు మూడు పలకలుండేవి. వాటికి పేర్లు పెట్టింది నాకు ఈ పని నేర్పిన మా అత్త. అన్న, తమ్ముడు, ఆడపడుచు. అన్నదమ్ములిద్దరూ ఒకడి తప్పు ఒకడు కప్పుకుంటారు. ఒకడి పొట్ట ఉబ్బితే రెండోవాడి పొట్ట లోపలికి పోతుంది. ఒకడి మీద ఒకణ్ణి పెడితే చక్కగా అతుక్కుపోతారు, నీలం అంతటా అంటుతుంది, చూసినవాడు ఎంత చదునో అంటాడు. ఆడపడుచు వచ్చి ఇద్దరి మీదా విడివిడిగా కూర్చుంటే అప్పుడు బయటపడుతుంది ఎవడి వంకర ఏమిటో. మూడూ మూడింటితో సరిపడేదాకా గీకాలి. చదును తెలియడానికి ఈ గుట్టలో ఇంకో దారి లేదు.

ఆరేళ్ళ కిందట దాలినాయుడు తలుపుల పెద్ద అయ్యాడు. చురుకైనవాడు, మాటకారి. "రెండూ ఒకదానికొకటి సరిపోయాక మూడోది దేనికత్తా?" అని ఆడపడుచుని సమ్మెటతో పగలగొట్టించి, కరిగించి, నీళ్ళ పంపులకి మూతలు పోయించాడు. నేను అడ్డం పడితే, "నీ ఇంట్లో ఆడపడుచు లేదని ఇక్కడ పెంచుకుంటన్నావేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అది నా తప్పు, రాయి.

ఐదేళ్ళలో అన్నదమ్ములిద్దరూ ఒకణ్ణొకడు అరగదీసుకుంటూ వంగిపోయారు. పడమటి తలుపుని అన్న పలకతోనే సరిచూశారు, దాని చట్రాన్నీ అన్న పలకతోనే. అన్న పొట్ట ఉబ్బినవాడు. అందువల్ల తలుపూ గుంటపడింది, చట్రమూ గుంటపడింది. ఎదురెదురు పెడితే కొసలు తగిలాయి, మధ్యలో సందు. అవతల దీపం పెడితే ఇవతలికి వెలుతురు గీతలా కనిపించింది. నేను చూశాను, నా కూతురు పారమ్మ చూసింది. దాలినాయుడు ఆ సందులో కొవ్వు కూరించాడు. వెలుతురు ఆగింది. కిందటేడు గాలి తిరిగినప్పుడు బూజు ముందు ఆ కొవ్వుని తిన్నది.

పడమటి సొరంగంలో ఏడుగురున్నారు. లోపలి తలుపు మూసెయ్యమని దాలినాయుడు అరిచాడు. మూయకపోతే గుట్టంతా పోయేది, ఆ మాట కాదనను. గొళ్ళెం నేనూ పట్టుకున్నాను. అవతలి నుంచి పారమ్మ బాదింది. ముందు పిడికిళ్ళతో, తర్వాత ఇనుముతో. అమ్మా అని పిలవలేదు, తవిటీ అని పేరు పెట్టి తిట్టింది. అన్నం ఉడికేంతసేపు తిట్టింది. తెరిచాక చూస్తే ఏడుగురి నోళ్ళలోంచీ తెల్లటి బూజు దూదిలా పొంగి ఉంది. పారమ్మ చేతిలో గీకుడు ఉలి. తలుపు లోపలంతా గీతలు.

పంచాయితీలో దాలినాయుడు, ముసిల్దాని కళ్ళు మసకబారి చుక్కలు తప్పు లెక్కపెట్టింది అన్నాడు. పలకలు వంకర, వీడు అబద్ధాలకోరు అని నేను అరిచాను. తలుపుల పెద్దని ఆ మాట అన్నందుకు నా కుడిచేతి రెండు వేళ్ళు దాగలి మీద పెట్టించి సుత్తితో కొట్టించాడు.

అసిరమ్మా, ఆ సుత్తి పట్టుకున్నది మీ ఆయన.

ఉలి చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

పదో రోజు

"నీ చేతి ఏళ్ళు కొట్టినాడని పగతో చంపేసినావు. నిజం చెప్పు, అప్పుడే ఉలి ముట్టుకుంటా," అంది అసిరమ్మ.

చెప్పాను.

ఆడపడుచుని మళ్ళీ చెయ్యాలంటే పాత ఇనుము కావాలి. కొత్తగా పోత పోసిన ఇనుము ఏళ్ళ తరబడి లోలోపల కదులుతుంది. ఇవాళ చదును చేస్తే వచ్చే నెలకి వంగుతుంది. గీకేవాళ్ళు పోతే వాళ్ళ చేతిపలకని రొమ్ము మీద పెట్టి పూడ్చడం మా ఆనవాయితీ. మా అత్త పలక ముప్పై ఏళ్ళుగా మట్టిలో ఉంది. అంత నెమ్మదించిన ఇనుము గుట్టలో ఇంకెక్కడా లేదు. గోరీ తెరిస్తే బూజు లేస్తుందని అందరికీ భయం, అందుకే శవాల గుహకి కాపలా పెట్టారు.

ఆ రోజు మధ్యాహ్నం అంబలి గంట కొట్టారు. అందరూ తిండికి పోయాక వెళ్ళి తవ్వాను. అత్త ఎముకలు పక్కకి జరిపాను. ఆవిడే ఉంటే నాకంటే ముందు తవ్వేది. పలక ఎత్తుతుంటే గవరయ్య వచ్చాడు.

"అత్తా, ఒగ్గేయ్. నీకు దణ్ణమెడతాను, ఒగ్గేయ్."

"ఓ చెయ్యి వెయ్యి గవరయ్యా, బరువుగా ఉంది."

"నాయుడికి తెలిస్తే నా చేతులు తీసేస్తాడు."

పలకకి అటు వాడు, ఇటు నేను. వాడు లాగాడు. విరిగిన వేళ్ళు పలక కింద నలిగి కళ్ళు బైర్లు కమ్మాయి. నడుములో ఉలి ఉంది. ఎడమచేత్తో తీసి పొడిచాను.

"అప్పుడు సుత్తి గుర్తొచ్చిందా?" అంది అసిరమ్మ.

"వచ్చింది."

తొడ లోపలివైపు దిగింది. బిందె ఒలికినట్టు రక్తం. కొంగు చింపి కట్టాను. రెండు వేళ్ళు పనిచెయ్యని చేత్తో ముడి బిగవలేదు. "గట్టిగా, అత్తా, గట్టిగా," అన్నాడు. మోకాలు వేసి నొక్కాను. గొంతు చిరిగేలా అరిచాను. అందరూ అంబలి దగ్గర ఉన్నారు, ఎవరికీ వినబడలేదు.

"ఆకరికి ఏటన్నాడు?"

"నీళ్ళడిగాడు."

"నా పేరు?"

"అనలేదు."

అబద్ధం చెప్పగలిగేదాన్ని. చెప్పలేదు.

"ఆ ఏళ్ళు ఆయనే కొట్టినాడు," అంది. ఉలి తిరగేసి చెక్క బిళ్ళతో నా వీపు మీద బాదింది. ఒక పక్కటెముక విరిగినట్టుంది, ఊపిరి తీస్తే గుచ్చుకుంటోంది. బాదడం అయ్యాక బిళ్ళని తుంటికి ఆనించి పలక ముందు నిలబడింది. మొదటిసారి నడుముతో తోసింది. ఈ రోజు అంగుళంలో ఆరు చుక్కలు.

పదిహేనో రోజు

అసిరమ్మ పలక ఇప్పుడు అన్న పలకతో పూర్తిగా సరిపోతోంది. ఎక్కడ చూసినా చుక్కలే. దాని మొహంలో కాస్త గర్వం కనిపించింది.

"తమ్ముడి మీద పెట్టు," అన్నాను.

పెట్టింది, జరిపింది, ఎత్తింది. రెండు కొసల్లో చిక్కగా నీలం. మధ్యలో ఒక్క చుక్క లేదు.

"ఇదేటిది? పొద్దున్న బాగుంది కదా."

"పొద్దున్న ఉబ్బిన పొట్ట మీద పెట్టావు, నీ పలక గుంటపడింది. ఇప్పుడు గుంట మీద గుంట పెట్టావు. నువ్వు చూస్తున్నదే పడమటి తలుపు."

అసిరమ్మ పలక కింద పెట్టింది. తర్వాత బయటికి పోయి, చచ్చిన ఏడుగురి ఇళ్ళకీ వెళ్ళి, వచ్చి చూసుకోమని చెప్పింది. వాళ్ళకంటే ముందు దాలినాయుడు వచ్చాడు. చేతిలో సమ్మెట.

"చెల్లీ, పక్కకి జరుగు. మొగుణ్ణి చంపినదాని మాట నమ్ముతావేటి?"

"నేను నీలం చూసినాను, నాయుడూ."

"ముండమోపివి, నీకేటి తెలుసు నీలం గురించి!"

సమ్మెట ఎత్తాడు. నేను కర్రతో వాడి మోకాలి చిప్ప మీద కొట్టాను. తూలాడు గానీ సమ్మెట వదల్లేదు, దాని పిడితో నా రొమ్ము మీద పొడిచి గోడకేసి కొట్టాడు. మళ్ళీ పలక మీదికి ఎత్తాడు. అసిరమ్మ ఉలి బిళ్ళని తుంటికి ఆనించి, రెండు చేతులూ ముందుకి వేసి, నడుముతో తోసింది. ఉలి వాడి ముంజేతిలో ఒకవైపు దిగి రెండోవైపు తేలింది. సమ్మెట వాడి పాదం మీదే పడింది. వాడి అరుపు అంబలి సాల దాకా వినబడిందట.

"ఆ పలక కోసం నా పెనిమిటి సచ్చాడు," అంది అసిరమ్మ, ఉలి పీకుతూ. "పగలగొడితే ఊరికే సచ్చినట్టు."

తోపు బాగుంది. భుజం కదల్లేదు. పాఠం కింద ఇది కూడా రాయి.

ఇరవై రెండో రోజు

పెద్దలు ఐదుగురూ గదికి వచ్చారు. పెద్ద లింగన్న ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే నీలం రాశాడు. ఆడపడుచుని అన్న మీద పెట్టాడు, అంతటా చుక్కలు. తమ్ముడి మీద పెట్టాడు, కొసల్లో తప్ప ఏమీ లేదు. మూడుసార్లు చేశాడు. ఏడు ఇళ్ళవాళ్ళూ గుమ్మంలో నిలబడి చూశారు. ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

దాలినాయుణ్ణి జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చారు. నేను ఆపలేదు. ఒకామె వాడి నోట్లో గుప్పెడు ఇనుప రజను కుక్కింది. పళ్ళు రాళ్ళ మీద రాలాయి. ఒక కన్ను మూసుకుపోయింది. చివరికి లింగన్న అడ్డం పడి వాడి మీద వంగి దెబ్బలు తన వీపు మీద వేయించుకున్నాడు.

"తలుపు సరిగ్గా ఉందని చెప్పినోడు ఆ తలుపు ఎనకాల నిలబడాల," అన్నాడు లింగన్న. "గాలి తిరిగిన రోజున పడమటి సొరంగంలో వీడుంటాడు. తలుపు గీకినోళ్ళూ ఉంటారు."

"మరి గీకడానికి నేర్పినోళ్ళు?" అన్నాను.

"నీకూ చోటుందిలే, తవిటమ్మా."

గాలి తిరగడానికి ఈ రోజు నుంచి పన్నెండు రోజులే. ముందు మూడు పలకల్నీ ఒకదానితో ఒకటి తిప్పి తిప్పి సరిచెయ్యాలి, తర్వాత తలుపు, తర్వాత చట్రం. గీకేవాళ్ళు నలుగురు మిగిలారు. అసిరమ్మ ఐదోది. అరిచే పని నాది.

ముప్పై నాలుగో రోజు

గాలి తిరిగింది. సన్యాసమ్మా, నువ్వు రాలేదు. తప్పులేదు, ఇప్పుడు చెబుతాను రాయి.

పడమటి సొరంగంలో గీకేవాళ్ళు ఐదుగురు, నేను, దాలినాయుడు. మా వెనక లోపలి తలుపు మూసి గొళ్ళెం పెట్టారు. అవతలి గొళ్ళెం చప్పుడు వినగానే నేను ఆ తలుపు మీద పారమ్మ గీతలు తడిమాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే చెబుతున్నాను.

గాలి మొదట ఈల వేసింది. తర్వాత కొండ కొండంతా కదిలినట్టు తలుపు మీద పడింది. బయట ఏవో కొట్టుకొచ్చి తలుపుకి తగిలేవి, రాళ్ళో, దుప్పుల కళేబరాలో. తగిలినప్పుడల్లా ఇనుము గంటలా మోగేది. దాలినాయుడు కట్టు కట్టిన చేత్తో మొహం కప్పుకుని ఏడ్చాడు. "ఈడి నోరు మూయించండ్రా," అంది అసిరమ్మ. ఎవరూ కదలకపోతే తనే లేచి డొక్కలో తన్నింది. ఊరుకున్నాడు.

దీపాలన్నీ ఆర్పేసి చీకట్లో తలుపు అంచు చుట్టూ కళ్ళు పెట్టి చూశాం. ఎక్కడా వెలుతురు గీత లేదు. అసిరమ్మ అంచు మీద నాలుక ఆనించి చూసింది. బూజు పుల్లగా ఉంటుంది. ఏమీ తగల్లేదంది. ఆ పిచ్చి పని నేనెప్పుడూ నేర్పలేదు.

రెండు పూటలు కొట్టింది. తలుపు నిలబడింది. తెరిచినప్పుడు ఏడుగురం బయటికి వచ్చాం. ఏడుగురం అని రాయి, సన్యాసమ్మా. లెక్క సరిపోయింది.

నలభై ఒకటో రోజు

లింగన్నా, పెద్దలూ వచ్చారు.

"పలక సంగతిలో నువ్వు నెగ్గినావు, తవిటమ్మా. దాన్ని ఎవరూ ముట్టుకోరు. గవరయ్య సంగతిలో చట్టం మారదు."

"మార్చమని అడిగానా?"

"అసిరమ్మా, పని వచ్చిందా? వచ్చిందంటే ఈ పూటే తలుపు తీస్తాం."

బయట గాలి ఇంకా పూర్తిగా తగ్గలేదు. అసిరమ్మ ఆడపడుచుని గుడ్డతో తుడిచి వాళ్ళ ముందు పెట్టింది. అంగుళంలో ఇరవై నాలుగు చుక్కలు. నేను నిండా పదేళ్ళు గీకాక గానీ నాకు అన్ని రాలేదు. సాయంత్రానికి చావబోతున్నానని తెలిసి కూడా నా గుండె పొంగింది.

అప్పుడది ఉలి మూల నిలువుగా పట్టుకుని, ఒళ్ళు బరువంతా వేసి, ఈ మూల నుంచి ఆ మూల దాకా పలక మీద ఒక్క గీత లాగింది. ఇనుము కీచుమంది.

నాకు ఒళ్ళు తెలియలేదు. కర్ర ఎత్తి దాని నెత్తి మీద వేశాను. "పాపిష్టిదానా! నలభై రోజుల పని! మా అత్త పలక!" రెండోసారి ఎత్తబోతే కర్ర లాక్కుని నన్ను గోడకి నెట్టింది. నుదుటి మీంచి రక్తం కారుతోంది.

"నోర్ముయ్, ముసిలీ," అంది. పెద్దల వైపు తిరిగింది. "నాకింకా పని రాలేదు. సూసినారు కదా, చెయ్యి జారింది. గీత పడ్డ పలకతో తలుపులు సరిచూడ్డానికి లేదు, అది మీ చట్టమే. గీత పోయేదాకా ఇది నాకు నేర్పాల."

లింగన్న ఆ గీత చూశాడు, అసిరమ్మని చూశాడు. "చెయ్యి జారిందా?"

"జారింది."

"మళ్ళీ జారతాదా?"

"నాకేటి తెలుసు. ఇంకా నేర్చుకుంటన్నాను కదా."

లింగన్న నీ వైపు తిరిగి, పని పూర్తికాలేదని రాయమన్నాడు. నువ్వు రాశావు, నేను చూశాను.

వాళ్ళు వెళ్ళాక అసిరమ్మ నెత్తికి గుడ్డ కట్టుకుంది. "నిన్ను చమించాననుకోకు. గీత పోయిన రోజున గొళ్ళెం నేనే తీస్తా."

"అనుకోలేదు," అన్నాను.

ఎడమచేతి గోరుతో గీతని తడిమాను. గోరు మందమంత లోతుంది, అంటే ఏడు వెంట్రుకలు. పలక మొత్తం ఒకసారి గీకితే వెంట్రుకలో పదిహేనో వంతు పోతుంది. అలా వందసార్లకి పైనే గీకాలి. తలుపుల పని చూసుకుంటూ, గీకినప్పుడల్లా అన్నదమ్ములతో సరిచూసుకుంటూ పోతే వారానికి ఒక్కసారి గీకితే గొప్ప. మొత్తం రెండేళ్ళు దాటుతుంది.

నేను అన్నాళ్ళు బతకను. దొంగముండ, అది దానికీ తెలుసు.